గిన్నెల మాస్టారి గాలి లెక్క

ఆ బడిలో సైన్సు మాస్టారికీ డ్రిల్లు మాస్టారికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కొత్తగా చేరిన టీచర్లకు ఈ సంగతి మొదటి రోజే ఎవరో ఒకరు చెప్పేసేవారు, లేకపోతే తెలియక వెళ్ళి ఇద్దరి మధ్యనున్న కుర్చీలో కూర్చుంటారని. స్టాఫ్ రూములో ఆ కుర్చీ ఆరేళ్ళుగా ఖాళీ. పోనీ పరాయివాళ్ళా అంటే కాదు. సైన్సు మాస్టారి సొంత చెల్లెలినే డ్రిల్లు మాస్టారు చేసుకున్నాడు. ఒకప్పుడు బావా బావా అనుకుంటూ ఒకే డబ్బాలో తిన్నవాళ్ళు. అందుకే పగ అంత బాగా కుదిరింది. పరాయివాడి మీద పగ పట్టాలంటే ముందు వాడి గురించి నాలుగు ముక్కలు తెలుసుకోవాలి. చుట్టంతో ఆ శ్రమ కూడా లేదు.

సైన్సు మాస్టారిని పిల్లలు చాటుగా గిన్నెల మాస్టారు అనేవారు. ఆయన చేతులతో చేసిన గాలి మిషను వల్ల వచ్చిన పేరది. రెండు రబ్బరు బంతులను సగానికి కోస్తే నాలుగు గిన్నెలయ్యాయి. వాటిని నాలుగు సైకిలు పుల్లల కొసలకు బిగించి, ఆ పుల్లలను పాత సైకిలు బేరింగు మీద అడ్డంగా కూర్చి, ఛాతీ ఎత్తు కర్రకు తగిలించాడు. గాలి వీస్తే గిన్నెలు గిర్రున తిరుగుతాయి. ఒక గిన్నెకు ఎర్ర రంగు వేశాడు. ఆ ఎర్ర గిన్నె పది సెకన్లలో ఎన్నిసార్లు కళ్ళముందు నుంచి పోయిందో లెక్కపెట్టి, పట్టికలో చూసుకుంటే గాలి వేగం తెలిసిపోతుంది. రోజూ పది గంటలకు ఏడో తరగతి పిల్లలు డాబా మీద లెక్కపెట్టి, మెట్ల పక్కనున్న నల్లబోర్డు మీద రాసేవారు. సెలవు రోజుల్లో ఆయనే వచ్చి రాసిపోయేవాడు. చదివే నాథుడు లేకపోయినా సరే.

ఆ పట్టిక తయారైంది ఏడేళ్ళ కిందట, బావలు ఇంకా బావల్లా ఉన్న రోజుల్లో. డ్రిల్లు మాస్టారు అప్పుడే ఎవరి దగ్గరో పాత స్కూటరు ఒకటి కొన్నాడు. ఆకు కదలని ఉదయం పూట బండి మీద పోతుంటే, బండి వేగమే మనకు తగిలే గాలి వేగం. అందుకని ఇద్దరూ బయల్దేరారు. ముందు కూర్చున్నవాడు మీటరు చూస్తూ "ఎనిమిది... పది... పదిహేను" అని అరవడం, వెనక కూర్చున్నవాడు కర్ర పక్కకు చాపి ఎర్ర గిన్నెను లెక్కపెట్టడం. ఊరి చివర రోడ్డు మీద అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తిరిగారు. పాల బండివాడు ఆగి మరీ చూసి, వీళ్ళకు ఏదో అయిందనుకుని వెళ్ళిపోయాడు.

ఆ పట్టిక ప్రకారం బడిలో గాలి ఎప్పుడూ పేపర్లో వేసిన గాలి కంటే ఎక్కువగానే ఉండేది. పిల్లలు అడిగితే, "మన బడి మిట్ట మీద ఉంది కదా, ఆ మాత్రం తేడా ఉంటుంది" అనేవాడు. ప్రతిదాన్నీ అనుమానించండని క్లాసులో గొంతు చించుకునే మనిషి, తన దాకా వచ్చేసరికి మిట్టను అడ్డం పెట్టుకున్నాడు. ఏడేళ్ళపాటు.

పట్టిక గీసిన మరుసటి ఏడే గొడవ జరిగింది. తల్లిని కళ్ళ డాక్టరుకు చూపించాలని సైన్సు మాస్టారు బావ స్కూటరే అడిగి తీసుకెళ్ళాడు. వంతెన మీద గుంత వచ్చింది. బండి ఎగిరిపడింది, వెనక కూర్చున్న పెద్దావిడ పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రి వరండాలో చెల్లెలు అడిగింది. "ఎంత స్పీడులో వెళ్ళావు అన్నయ్యా?"

గుంత వచ్చేముందు ఆయన మీటరు చూశాడు. "యాభై," అన్నాడు.

ఆ వంతెన మీద నలభై దాటకూడదని మనిషెత్తు బోర్డు ఉంది. ఇంకొకరైతే చూడలేదనేవారు, ముప్పై అనేవారు. ఈయన యాభై అన్నాడు. "ఇక నా గడప తొక్కకు," అంది చెల్లెలు.

తల్లి ఆ చెల్లెలి ఇంట్లోనే పద్నాలుగు నెలలు మంచం మీద ఉండి కన్నుమూసింది. ఆఖరి రోజున మాత్రం కొడుకును రానిచ్చారు. అప్పటికి ఆవిడకు మాట పడిపోయింది.

ఆ తర్వాత ఆయన ఏ బండీ ముట్టుకోలేదు. బడికి మూడు కిలోమీటర్లు నడిచి వచ్చేవాడు, ఎండైనా వానైనా. ఇక డ్రిల్లు మాస్టారికి పండగే. వరండాలో ఎవరైనా కాస్త గబగబా నడిస్తే చాలు, సైన్సు మాస్టారికి వినపడేలా "నెమ్మదండీ, యాభైలో పోయి ఎవర్ని పడేద్దామని" అనేవాడు. ఈయన మాత్రం తక్కువ తిన్నాడా? డ్రిల్లు పీరియడ్లన్నీ ప్రయోగాల పేరుతో లాగేసుకునేవాడు. డ్రిల్లు మాస్టారి విజిలు వల్ల పాఠం సాగడం లేదని హెడ్మిస్ట్రెస్‌కు పదకొండుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. పదకొండోసారి ఆవిడ కాగితం చదవకుండానే డ్రాయరులో పడేసింది.

ఈ ఇద్దరి మధ్యా నలిగింది ఒక పిల్ల. డ్రిల్లు మాస్టారి కూతురు, సైన్సు మాస్టారి మేనకోడలు. తొమ్మిదో తరగతి. ఇంట్లో మామయ్య మాట ఎత్తకూడదు కాబట్టి బడిలో ఆయన్ను సార్ అనేది. చదువు అంతంత మాత్రం. పరుగుకు మాత్రం సాటి లేదు. మిగతా పిల్లలు బయల్దేరాలా వద్దా అని ఆలోచించుకునేలోపు ఆ పిల్ల చేరిపోయి నీళ్ళు తాగుతుండేది.

స్పోర్ట్స్ స్కూల్లో చేర్చుకునే ఎంపిక ఆ ఏడు ఈ బడి మైదానంలోనే పెట్టారు. వంద మీటర్లు పదమూడు సెకన్లలోపు పరిగెత్తితే సీటు. వచ్చే ఏటికి వయసు పరిమితి దాటిపోతుంది కాబట్టి మేనకోడలికి ఇదే చివరి అవకాశం. అయితే ఒక మెలిక ఉంది. వెనక నుంచి గాలి తోస్తుంటే ఎవరైనా పరిగెత్తుతారు. గాలి సెకనుకు రెండు మీటర్లు దాటితే ఆ పరుగు లెక్కలోకి రాదు. గాలి కొలిచినట్టు చీటీ లేకపోయినా రాదు. ఎంపికకు వచ్చిన సెలక్టరమ్మ, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, కారు దిగుతూనే తమ గాలి మిషను దారిలో కిందపడి పగిలిందని చెప్పింది.

"మా బడిలో ఉంది కదా," అంది హెడ్మిస్ట్రెస్.

"ఆ డొక్కు గిన్నెలా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు. కానీ చీటీ లేకపోతే పరుగే చెల్లదు. మింగలేక కక్కలేక ఊరుకున్నాడు.

సెలక్టరమ్మ గిన్నెలను వేలితో తిప్పి చూసింది. పట్టిక ఎలా వేశారని అడిగింది. బండి మీద వేశామని సైన్సు మాస్టారు చెప్పాడు. ఏడేళ్ళ రోజువారీ లెక్కల పుస్తకం చూపించాడు. పేజీలు తిప్పాక ఆవిడ సరేనంది.

ట్రాకు పక్కన, సరిగ్గా సగం దూరంలో, కర్ర పాతాడు. దానికి దారప్పోగు ఒకటి కట్టాడు, గాలి ఎటు పోతోందో తెలియడానికి. జనం ట్రాకు మీదికి రాకుండా కట్టిన తాడు అవతల తువ్వాలు పట్టుకుని చెల్లెలు నిలబడి ఉంది. ఈయన వైపు చూడలేదు. ఈయనా చూడలేదు. పిస్తోలు పేలింది.

ఎర్ర గిన్నె ఒకటి, రెండు, మూడు. దారప్పోగు పరుగు దిక్కుకే చాచుకుని ఉంది. ఎనిమిది, తొమ్మిది. మేనకోడలు తన పక్క నుంచి దూసుకుపోవడం ఆయనకు కంటి చివర తెలిసింది, తల తిప్పలేదు. పదిహేను, పదహారు. చేతి గడియారంలో పది సెకన్లు అయ్యేసరికి పద్దెనిమిది. పట్టికలో పద్దెనిమిది అంటే రెండు పాయింటు నాలుగు.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ అంకె చూడగానే ఆయన మనసులో ఒక మూల సంతోషం లాంటిది కదిలింది. బావ ముఖం ఎలా మాడిపోతుందో కళ్ళకు కట్టింది. ఆ వెంటనే అవతల మేనకోడలు చేతులు పైకెత్తి గంతులేయడం కనిపించింది. పన్నెండు పాయింటు ఎనిమిది అని ఎవరో కేక పెట్టారు. ఆయన పట్టికను మళ్ళీ చూసుకున్నాడు.

చీటీ రాసి బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. సెలక్టరమ్మ చదివి, పెన్ను కింద పెట్టింది. "రెండు దాటింది. ఈ పరుగు చెల్లదు."

డ్రిల్లు మాస్టారు వచ్చేశాడు. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి సూటిగా మాట్లాడాడు. "కావాలని చేశావు."

"లెక్కపెట్టాను," అన్నాడు సైన్సు మాస్టారు.

"నా మీద కక్షతో పిల్ల గొంతు కోశావు. అమ్మను తిన్నావు, ఇప్పుడు దీన్ని తింటున్నావు."

"గిన్నెలకి చుట్టరికాలు తెలియవు బావా. గాలి వస్తే తిరుగుతాయి. నీలాగా మనిషిని చూసి తిరగవు."

చుట్టూ జనం చేరారు. మేనకోడలు తండ్రి వెనక నిలబడి ఇంకా ఆయాసపడుతోంది. చెల్లెలు తాడు పట్టుకుని వింటోంది. హెడ్మిస్ట్రెస్ ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టింది, ఎవరూ ఆ చేతిని పట్టించుకోలేదు.

"గిన్నెలు కాదు, నీ పట్టికే తప్పు," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "దేన్ని చూసి వేశావు దాన్ని? నా బండి మీటరు చూసేగా? ఆ మీటరు ఏనాడు నిజం చెప్పిందని?"

అనేశాక నోరు మూసుకున్నాడు. కానీ సెలక్టరమ్మ వినేసింది.

"మీటరు తప్పా?" అని అడిగింది. "ఎంత తప్పు?"

డ్రిల్లు మాస్టారు కూతురి వైపు చూశాడు. తర్వాత తాడు వైపు చూశాడు. ఒకవైపు కూతురి సీటు ఉంది, ఇంకోవైపు పెళ్ళాం ఉంది. చివరికి కూతురి వైపే మొగ్గాడు, అంతవరకూ మెచ్చుకోవాలి. "ఆ మీటరు ఆ బండిది కాదండీ. వేరే బండిది తెచ్చి బిగించారు. నలభైలో పోతుంటే యాభై చూపిస్తుంది."

సైన్సు మాస్టారు లెక్కల్లో చురుకు. యాభైకి నలభై అంటే ఐదుకు నాలుగు. రెండు పాయింటు నాలుగులో అయిదింట నాలుగు వంతులంటే ఒకటి పాయింటు తొమ్మిది రెండు. ఆ లెక్క చేయడానికి ఆయనకు రెప్పపాటు చాలు. కానీ ఆయన మొదట చేసిన లెక్క అది కాదు. మొదటిది వంతెన మీది లెక్క.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఇప్పుడదెందుకు?"

"ఎప్పట్నుంచి?"

సెలక్టరమ్మకు ఈ ఇంటి గొడవ అంతుపట్టలేదు, ఆవిడకు కావలసిందీ అది కాదు. "ఎవరో చెప్పారని నేను అంకె మార్చను," అంది. "బండి ఇక్కడుందా?"

గేటు దగ్గరే ఉంది. ట్రాకు ఒక చుట్టు నాలుగు వందల మీటర్లు. పది చుట్లు తిరిగితే నాలుగు కిలోమీటర్లు. మీటరులో కిలోమీటర్ల అంకె ఎంత పెరుగుతుందో చూస్తే నిజం బయటపడుతుందని ఆవిడ తేల్చింది. నడిపేది తండ్రి అయితే కుదరదు. "మీ ఇద్దరికీ పడదని ఇక్కడ గేటు కాపలాదారుకు కూడా తెలిసినట్టుంది," అని సైన్సు మాస్టారితో అంది. "కాబట్టి మీరే నడపండి."

తాళం చేతికి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత ఆయన హ్యాండిలు పట్టుకున్నాడు. మొదటిసారి తన్నితే బండి అందుకోలేదు. రెండోసారి అందుకుంది. లోపలి గీత వెంబడి, అంకెలు చూసుకుంటూ, ఎద్దుబండి వేగంతో బయల్దేరాడు. పిల్లలు చుట్లు లెక్కపెడుతూ అరుస్తున్నారు. ఎవడో "యాభైలో పోనీయండి సార్" అని కేక వేశాడు. ఎవరి దగ్గర నేర్చుకున్న మాటో వేరే చెప్పాలా. హెడ్మిస్ట్రెస్ వాడి చెవి పట్టుకుంది. చుట్టుకోసారి చెల్లెలి ముందు నుంచి పోవాలి. మొదటి నాలుగు చుట్లూ ఆవిడ తల వంచుకునే ఉంది. ఆరో చుట్టులో తలెత్తి ఉంది. తొమ్మిదో చుట్టులో ఆవిడ ఈయన్ను కాదు, బల్ల దగ్గరున్న మొగుణ్ణి చూస్తోంది.

పది చుట్లకు మీటరు సరిగ్గా ఐదు కిలోమీటర్లు తిరిగింది.

"ఐదుకు నాలుగు," అంది సెలక్టరమ్మ. కాగితం మీద గుణించింది. "ఒకటి పాయింటు తొమ్మిది రెండు. మా పద్ధతిలో పైకి సరిచేయాలి, అంటే రెండు. రెండు దాకా చెల్లుతుంది. బండి యజమాని మీటరు సంగతి రాసివ్వాలి, మాస్టారు కొత్త చీటీ మీద సంతకం పెట్టాలి. అయిపోతుంది."

డ్రిల్లు మాస్టారు రెండు వాక్యాలు రాసి సంతకం చేశాడు. సైన్సు మాస్టారు అది చదివాడు. పెన్ను తీసుకున్నాడు, చీటీ మీద పెట్టలేదు.

"ఎప్పట్నుంచి తెలుసో కూడా రాయి."

"గాలి లెక్కకి అది అక్కర్లేదు."

"నాకు కావాలి."

తప్పే. పద్నాలుగేళ్ళ పిల్ల సీటును గుప్పిట్లో పెట్టుకుని బేరం ఆడటం ఏ లెక్కన చూసినా తప్పే. రాయకపోయినా సంతకం పెట్టేవాడినేనని ఆయన తర్వాత అనేవాడు. అక్కడున్నవాళ్ళెవరూ నమ్మలేదు, ఆయన ముఖం చూసినవాళ్ళయితే అసలే నమ్మలేదు. మేనకోడలు ఆయన్ను చూసి, తండ్రిని చూసి, "రాయండి నాన్నా," అంది.

"బండి కొన్న వారంలోనే తెలుసు," అన్నాడు డ్రిల్లు మాస్టారు, రాస్తూనే. "రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు చూసి లెక్కేశా. నీ పట్టిక వేసేటప్పుడు చెబుదామనుకున్నా. పాత బండి అంటగట్టించుకున్నానని నవ్వుతావని ఊరుకున్నా. అమ్మగారు పడ్డప్పుడు చెబుదామనే అనుకున్నా. నీ తప్పు కాదంటే ఇక బండి తప్పంటారు. అలాంటి బండి ఇచ్చి పంపానని నన్నంటారు. నువ్వే యాభై అని ఒప్పేసుకున్నావు కదా, ఇంక నేనెందుకని..."

సైన్సు మాస్టారు కొత్త చీటీ మీద రెండు అని వేసి సంతకం చేశాడు. సెలక్టరమ్మ మేనకోడలి పేరు జాబితాలో రాసుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేనకోడలు వచ్చి, సార్ అనాలో మామయ్య అనాలో తెలియక, ట్రాకు పక్కనున్న కర్రనూ గిన్నెలనూ చూస్తూ ఆయన పక్కన నిలబడింది.

చెల్లెలు తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. బల్ల మీది కాగితం తీసుకుని చదివింది. మూడే వాక్యాలు, చాలాసేపు చదివింది.

"నలభైయా," అంది.

"నలభై," అన్నాడు సైన్సు మాస్టారు.

"అమ్మ చెబుతూనే ఉంది." కాగితాన్ని మడవబోయి, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "పడ్డ మర్నాటి నుంచీ చెప్పింది, వాడు నెమ్మదిగానే తీసుకెళ్ళాడే, వాణ్ణేమీ అనకు అని. కొడుకు కదా, వెనకేసుకొస్తోందనుకున్నా. నువ్వే యాభై అన్నాక ఆవిడ మాట ఎవరు వింటారు? రోజూ అదే మాట. ఒకరోజు నాకు విసుగొచ్చి, ఇంకోసారి ఆ మాట ఎత్తావంటే అన్నం పెట్టనని అరిచా. ఆ తర్వాత ఎత్తలేదు. ఈయన పక్క గదిలోనే ఉన్నారు. అన్నీ వింటూనే ఉన్నారు."

డ్రిల్లు మాస్టారు మెడలోని విజిలు తాడు సరిచేసుకుంటూ నిలబడ్డాడు. ఆ మనిషి మీద కక్ష తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం సైన్సు మాస్టారికి దొరకదు. ఆరేళ్ళుగా నోట్లో నానబెట్టిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అమ్మ ఏమంది?" అన్నాడు. "మళ్ళీ చెప్పు."

"నెమ్మదిగానే తీసుకెళ్ళాడే అంది."

"అలాగే అందా?"

"అలాగే. గాలికి నా జుట్టు కూడా చెదరలేదే అంది."

ఆయన చెల్లెలి ముఖంలోకి చూశాడు. ఆరేళ్ళలో అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు. బావ మీద రావలసిన కోపమంతా ఎటు నుంచి ఎటు తిరిగిందో ఆయనకే తెలియలేదు.

"ఆ మాటకా," అన్నాడు, "అమ్మకి నువ్వు అన్నం పెట్టనన్నది?"

చెల్లెలు అవునన్నట్టు తల ఊపింది.